మాటల వంశవృక్షము - లెక్కల యంత్రము



విశాఖపట్టణపు రేవులో ఓడలనుండి సరకు దింపు యంత్రములను మీలో ననేకులు చూచియుందురు. ఉక్కు కర్మాగారమునకు బిడ్డలను పనికి పంపినవారును గలరు. బరువు లెత్తుటకును, ఇనుము కరగించుటకును యంత్రము కావలెనన్న కాదనువారు లేరు. కాని మాటల పుట్టుక తెలిసికొనుటకు యంత్రమేల? కంప్యూటరునకు మ్రానన్న నేమి, మబ్బన్న నేమి? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము మన ప్రాంతమునకు సంబంధించిన యొక పనిలోనే దొరకును.

పండితుల పనికి ఈ యంత్రమును మొదట పూన్చినవారిలో ఇటలీ దేశపు మతగురువు రోబెర్తో బూసా యొకడు. థామస్ అక్వినాస్ అను క్రైస్తవ తాత్త్వికుని గ్రంథములలోని ప్రతి పదమునకును సూచిక కూర్పదలచి, ఆయన 1949లో ఐ.బి.ఎం. సంస్థ సాయము కోరెను. పదములు కోటికి పైబడినవి. అచ్చు ముగియుసరికి 1980 వచ్చెను. యంత్ర ముండియు ముప్పదియేండ్లు పట్టినదన్నమాట!

ఇక మన సంగతి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1928లో ఒంగోలున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు అధ్యాపకులుగా నుండిరి. అరకు ప్రాంతమున కొండదొరలు మాటలాడు భాషను వారి నోటనే విని వ్రాసికొని, దానికి వ్యాకరణము కూర్చి 1969లో ప్రకటించిరి. ఆ భాషకు కూబి యనియు పేరు. లిపి లేదు గాని, అది మన తెలుగునకు దగ్గఱి చుట్టమే.

ఆ చుట్టరిక మెట్టిదో చూడుడు. తమిళులు 'మరము' అందురు, మనము 'మ్రాను' అందుము. వారి 'ఇరండు' మనకు 'రెండు'. వారి 'అవర్' మనకు 'వారు'. మాట నడుమ నుండిన హల్లు మొదటికి జరిగినది. కొండభాషలో చెట్టు 'మరన్'గానే నిలిచినది; ఒడిశాలోని కుయిలో 'మ్రహ్ను' అయినది. ఈ మార్పు అన్ని మాటలకు నొక్కసారి రాలేదు, అన్ని భాషలకు నొక్కరీతిగా రాలేదు. ఊరిలో నొక యింట మొదలైన యలవాటు ఇంటింటికి ప్రాకినట్లు, మాటనుండి మాటకు ప్రాకినది.

గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ అను నాఱు భాషలలో ఏవి ముందు విడిపోయినవి, ఏవి చాలకాలము కలిసియున్నవి? ఆఱుగురు అన్నదమ్ముల పంపకమువంటి దీ చిక్కు. ముగ్గురైనచో ఏ యిద్దరు కలిసియుండిరో మూడు విధములుగా నూహింపవచ్చును. నలుగురైన 15 విధములు, అయిదుగురైన 105, ఆఱుగురైన 945! (పంపకములు చేయించిన పెద్దలకు ఈ లెక్క వింతగా తోచదు.)

కృష్ణమూర్తిగారు గణాంకశాస్త్రజ్ఞుడగు లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫర్త్ అను వారితో కలిసి, 945 వంశవృక్షములను కంప్యూటరుచేత పరీక్షింపజేసిరి. వారి సూత్ర మిది: ఒక మాట నేడొక భాషలో మారక నిలిచినచో, ఆ భాషకు మూలమైన శాఖలోను అది మారియుండదు. కావున మారినవాటికన్న మారనివాటినే సాక్ష్యముగా గొనిరి. ఏ వృక్షమున ఆ మార్పు విడివిడిగా జరుగవలసిన పర్యాయములు తక్కువయో, అదియే నమ్మదగిన వృక్షము. అరువది మాటలనుకొన్నను, ఒక్కొక్కదానిని 945 వృక్షములపై చూచుట 56,700 పరీక్షలు. చేతితో చేయబూనిన ఎన్నడు ముగియును? 1983లో 'లాంగ్వేజ్' అను పత్రికలో ఫలితము ప్రకటింపబడెను. పండితులు పాతపద్ధతిని నిర్ణయించిన శాఖాక్రమమునకు అది చాలవఱకు అనుగుణముగా నుండెను.

అట్లైన యంత్రము క్రొత్తగా చేసినదేమని యడుగవచ్చును. ఒకరి యూహగా నుండినదానిని, తక్కిన మార్గము లన్నిటిని చూచినపిమ్మట నిలిచిన మాటగా చేసినది. అది తక్కువ పని కాదు. కాని యంత్రమే భాషల పుట్టుక కనుగొన్నదనువారితో నేను ఏకీభవింపను. ఎరువు తెచ్చుకొన్న మాటను సొంతమాట యని పట్టికలో వ్రాసినచో యంత్రము కిక్కురుమనక లెక్కించును. ఆ పట్టిక వ్రాసినవారు మనుష్యులు. చెప్పినవారు అక్షరము రాని కొండవారు.

ఆ చెప్పువారు తగ్గుచుండుటయే నాకు దిగులు. కొండదొరలలో చాలమంది నేడు తెలుగే మాటలాడుదురు. మన పల్లెలకును ఈ గతి దూరము కాదు. కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశము, రైతుల నోట సేకరించిన వ్యవసాయపదములతో 1962లో వెలువడినది. నాడు నాగలి పట్టినవారు చెప్పిన పేళ్లవి. నేడు ట్రాక్టరు వచ్చినది. మేడి యేదో, నొగ యేదో మనుమల కెట్లు తెలియును?

మీ మనుమని చేతిలోని ఫోను కూడ కంప్యూటరే. ఈ రాత్రి వానిని దగ్గఱ కూర్చుండబెట్టికొని, మీ యూరిలో నాగలి భాగములకు, పశువుల రంగులకు, వానలకు వాడు పేళ్లను మీ గొంతుతోనే అందులో నిలుపుమనుడు. పొరుగూరి పేరు వేఱైనచో దానిని దిద్దక, అట్లే పక్కన చేర్పుడు.