తాబేటి డిప్ప
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



తాబేలును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను లెక్కలు వ్రాసి బ్రదికినవాడనే గాని జీవశాస్త్ర పండితుడను గాను. అయినను మన శ్రీకాకుళము జిల్లాలో శ్రీకూర్మక్షేత్రము వెలసియుండగా, మన తీరమున ఏటేట సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుచుండగా, ఈ ప్రాణిని గూర్చి తెలిసికొనుట మనకు విధి యని తలంచితిని.

అమరకోశము దీనికి కూర్మము, కమఠము, కచ్ఛపము అను పేర్లు చెప్పినది. భగవద్గీత ఇంద్రియనిగ్రహము గలవానిని అవయవములు ముడుచుకొను తాబేటితో పోల్చినది. అయితే సముద్రపు తాబేలు మాత్రము తలను గాని కాళ్లను గాని డిప్పలోనికి ముడుచుకొనజాలదు.

డిప్ప యనగా తాబేలు కాపురముండు ఇల్లని పెక్కుమంది యనుకొందురు. అది సరికాదు. వీపుమీది డిప్ప దాని వెన్నెముకయు, వెడల్పై యొకదానితో నొకటి యతుకుకొన్న ప్రక్కటెముకలునే. దానిపైని పొర మన గోళ్లవంటి పదార్థము. డిప్పనుండి తాబేలును వేరుచేయుట యనగా మనుష్యుని వెన్నెముక నూడదీయుటయే. మరియొక వింత గలదు. మనకు జబ్బలను మోయు ఎముకలు ప్రక్కటెముకలకు వెలుపల నుండును. తాబేటికి లోపల నుండును.

ఇట్టి శరీరము ఒక్కనాట నేర్పడలేదు. దక్షిణాఫ్రికాలో దొరకిన యూనోటోసారస్ అను ప్రాణి సుమారు 26 కోట్ల ఏండ్ల నాటిది. దానికి డిప్ప లేదు. ప్రక్కటెముకలు మాత్రము వెడల్పు. నేల త్రవ్వుటకు బలము కొఱకే అవి వెడల్పయ్యెనని 2016లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. చైనా దేశమున దొరకి 2008లో లోకమునకు వెల్లడియైన ఒడొంటోకెలిస్ సుమారు 22 కోట్ల ఏండ్ల నాటిది. దానికి పొట్టక్రింది పలక యేర్పడినది. వీపు డిప్ప యింకను పూర్తికాలేదు. నోట పండ్లు కూడ నుండెను; నేటి తాబేళ్లకు పండ్లు లేవు. జర్మనీలో దొరకిన ప్రోగనోకెలిస్ సుమారు 21 కోట్ల ఏండ్ల నాటిది. దానికి డిప్ప సంపూర్ణము. 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట రాక్షసబల్లులు నశించినను తాబేళ్లు నిలిచినవి.

జమ చెప్పితిని గనుక ఖర్చును కూడ చెప్పవలయును. ప్రక్కటెముకలు బిగిసిపోవుటచే తాబేలు మనవలె రొమ్ము పొంగించి ఊపిరి తీయజాలదు. పొట్టలోని కండరములతో ఊపిరి యాడించును. సముద్రమున నున్నను దానికి మొప్పలు లేవు. నీటిపైకి వచ్చి గాలి పీల్చి తీరవలయును. నేటి యాపద యిచ్చటనే యున్నది. మరబోట్లు లాగు పెద్దవలలో చిక్కినది పైకి రాలేక ఊపిరాడక చచ్చును. అన్ని కోట్ల ఏండ్లు కాపాడిన కవచము వలత్రాటి ముందు పనికిరాదు.

మన తీరమునకు వచ్చునది ఆలివ్ రిడ్లీ జాతి. తల్లి రాత్రివేళ ఇసుకలో గుంత త్రవ్వి, సుమారు నూరు గ్రుడ్లు పెట్టి, కప్పి, సముద్రమున కేగును. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. ఇసుక వేడి యెక్కువైన ఆడపిల్లలు, తక్కువైన మగపిల్లలు పుట్టుదురు. వానిలో పెరిగి పెద్దవగునవి మిక్కిలి తక్కువ; అందుకును ఎన్నో ఏండ్లు పట్టును. కావున ఒక్క తల్లి చచ్చిన, అది ముందు పెట్టదగిన గ్రుడ్లన్నియు పోయినట్లే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వీనిని కాపాడుచున్నది. వలలో అమర్చు ఇనుపచట్రమొకటి గలదు. రొయ్యలు దాని సందులగుండ వలలోనికి పోవును. తాబేలు వలకు గల ద్వారమున వెలుపలికి పోవును. దానితో కొంత చేపయు పోవునని జాలరి సోదరులందురు. అది పొట్టకూటి మాట, త్రోసివేయరాదు. ఆ నష్టమును జాలరి పద్దుననే వ్రాయుట న్యాయము కాదు. తాబేలు అందరిదైనప్పుడు ఖర్చును అందరిదే. ప్రభుత్వము కొంత, ప్రజలు కొంత భరింపవలయును.

తీరమున మనము చేయదగినది సులభము. గ్రుడ్లు పెట్టు కాలమున ఒడ్డున పెద్ద దీపములు వెలిగింపకుందము; పిల్లలు వెలుగును జూచి సముద్రమనుకొని దారి తప్పును. కుక్కలను గూళ్ల దగ్గరకు రానీయకుందము. కూర్మనాథునికి కొబ్బరికాయ కొట్టిన చేతితో కూర్మపు గ్రుడ్లను త్రవ్వి తీయకుందము.