దారం కనబడే దయ్యాలు

మాంత్రికులు, మోహినులు, మాట్లాడే చిలుకలు ఉండే చవుక చిత్రాలను గురించి ప్రసంగించబోతున్నానని చెప్పగానే మా కార్యాలయంలో ఒక మిత్రుడు నవ్వి, “ఆ కాసేపూ పనికివచ్చే విషయమేదైనా చెప్పరాదా?” అన్నాడు. ఆ నవ్వు నాకు క్రొత్త కాదు. ఇరవై అయిదేండ్ల క్రితం నేనూ అట్లే నవ్వినవాడను. ఆ నవ్వు ఎందుకు మానుకొన్నానో ఈ పూట మనవి చేస్తాను.

తెలుగులో ఇట్టి చిత్రాలకు పెట్టిందిపేరు బి. విఠలాచార్య. పుట్టుకచేత ఆయన తెలుగువారు కారు. 1920లో ఉడిపి దగ్గర ఉద్యావరలో జన్మించారు. చిన్ననాడే ఇల్లు విడిచి అరసికెరె చేరి, చిల్లరపనులు చేసి, తరువాత అక్కడ హోటలు నడిపారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళివచ్చారు. ఆ మీదట మిత్రులతో కలిసి హాసన్ జిల్లా పల్లెలలో టూరింగు టాకీసు తిప్పారు. మైసూరులో డి. శంకర్‌సింగ్‌తో కలిసి మహాత్మా పిక్చర్స్ పేరిట కన్నడ చిత్రాలు తీసి, 1950ల నడుమ మద్రాసు వచ్చి తెలుగులో స్థిరపడ్డారు.

ఈ జీవితకథలో నాకు ముఖ్యమని తోచేవి రెండే: హోటలు, డేరా. హోటలు నడిపినవానికి ఎంత పిండికి ఎన్ని ఇడ్లీలో లెక్క తెలుస్తుంది. డేరా నడిపినవానికి జనం ఎక్కడ ఈలవేస్తారో, ఎక్కడ బీడీ ముట్టించుకొనడానికి లేచిపోతారో తెలుస్తుంది. ఈ రెండు విద్యలూ ఒక్కరికే అబ్బడం అరుదు. విఠలాచార్య చిత్రాల గుట్టంతా ఇందులోనే ఉన్నదని నా నమ్మకం.

1951లో విజయావారు ‘పాతాళభైరవి’ తీశారు. కె. వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం. ఆ మాయ ఖర్చుకు వెనుదీయని మాయ. విఠలాచార్య ఆ మాయనే చిన్న సంచితో చేయబూనారు. ఒక చిత్రంలోని రాజమందిరం రంగు మార్చుకొని మరొక చిత్రంలో మాంత్రికుని గుహ అయ్యేది. పారితోషికం విషయంలో పేచీ పెట్టిన నటుని పాత్రను కథలో ఏ మాంత్రికుని శాపంచేతనో చిలుకగానో మేకగానో మార్చివేసి, అతను లేకుండానే షూటింగు సాగించేవారని చిత్రసీమలో ఒక కథ ప్రచారంలో ఉన్నది. నిజమో కాదో గాని, చిత్రాలు చూచినవారెవరూ దానిని అబద్ధమనరు!

ఇక మాయల సంగతి. మనిషి నిలుచుండగా కెమేరా ఆపి, అతనిని తప్పించి అక్కడ మేకను నిలిపి మళ్ళీ తిప్పితే తెరమీద మనిషి మేక అవుతాడు. ఫ్రాన్సులో జార్జ్ మెలియే ఇట్టి కిటుకులతోనే 1902లో ప్రేక్షకులను చంద్రమండలానికి పంపాడు. నల్లని దుస్తులపై తెల్లని ఎముకలు గీసికొని నల్లని తెర ముందు నడిస్తే అస్థిపంజరం నడుస్తుంది. ఒకే ఫిలిం మీద రెండుసార్లు చిత్రిస్తే ఆత్మ దేహంలోనుండి లేచివస్తుంది. ఫిలింను వెనుకకు నడిపితే పడిపోయిన కత్తి ఎగిరివచ్చి చేతిలో చేరుతుంది. మిగిలినది దారం పని. వీనిలో ఏదీ రహస్యం కాదు. సురభివారి నాటకాలు చూచినవారికి దారంతో మనిషి ఎగరడం ముందే తెలిసిన విద్య.

ఇది మన ఒక్కరి సొత్తూ కాదు. సముద్రాల కావల మెక్సికో దేశంలో సరిగా ఆ కాలాననే ఇట్టి చిత్రాలు పంటవలె పండినవి. 1957లో ఫెర్నాందో మెందెస్ తీసిన ‘ఎల్ వంపీరో’లో జెర్మాన్ రోబ్లెస్ అనే నటుడు రక్తపిశాచిగా నటించాడు. ఇంగ్లండులో హామర్ సంస్థవారి డ్రాక్యులా రంగుల చిత్రం రావడానికి అది ఒక ఏడాది ముందు. 1962లో వచ్చిన మరొక చిత్రంలో ‘సాంతో’ అనే ముసుగు మల్లయోధుడు పిశాచకాంతలతో కుస్తీ పడతాడు. ఈ సాంతో నిజజీవితంలోనూ మల్లయోధుడే. ఆయన తన వెండి ముసుగును 1984లో, మరణానికి కొద్దిరోజుల ముందు మాత్రమే టెలివిజనులో కొంచెం ఎత్తి ముఖం చూపాడు, ముసుగుతోనే ఖననమయ్యాడు. రాత్రులు ఏటి ఒడ్డున తన బిడ్డలకోసం ఏడుస్తూ తిరిగే ‘లా యోరోనా’ అక్కడి పల్లెవారి నోటి కథ. అది కూడ పలుమార్లు తెరకెక్కింది. ఆ చిత్రాలలో రబ్బరు గబ్బిలాలు తీగకు వ్రేలాడుతూ వస్తాయి. చూస్తుంటే నాకు మన డేరాలే జ్ఞాపకం వచ్చినవి. భాష తెలియకపోయినా భయపడవలసిన చోటు తెలిసిపోయింది.

ఈ చిత్రాలన్నీ ఉత్తమమైనవని నేననను. విఠలాచార్య చిత్రాలలో హాస్యం చాల చోట్ల మొరటు. నృత్యాలు కథను నిలువునా ఆపి సాగుతాయి. కొన్నిటిలో మొదటి అరగంట ఓపికకు పరీక్షయే. కాని దయ్యం ప్రవేశించిన తరువాత సంగతి వేరు.

నేను ‘జగన్మోహిని’ చూచినది త్రిపురారంలో. అది మా అమ్మమ్మగారి ఊరు. మిర్యాలగూడ దగ్గర, సాగరు ఎడమకాలువ నీటితో వరి పండే నేల. 1990 ప్రాంతాన, నాకు పదేండ్లప్పుడు, వినాయకచవితి పందిరిలో వీడియో పెట్టారు. టీవీ, వీసీఆర్ మిర్యాలగూడనుండి అద్దెకు వచ్చినవి. నడుమ కరెంటు రెండుసార్లు పోయింది; ఎవ్వరూ లేవలేదు. 1978 నాటి ఆ చిత్రంలో నరసింహరాజు, ప్రభ, జయమాలిని నటించారు. మగనిని కోరివచ్చిన మోహినికీ, అతనిని దక్కించుకొనబూనిన ఇల్లాలికీ జరిగే పోరాటం కథ. కట్టెలకు బదులు తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి దయ్యం వంట చేసే ఘట్టం రాగానే పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం వంటింటివైపు కాళ్ళు పెట్టి పడుకోలేకపోయాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఘట్టం ఎంత చవుకగా తీశారో, అంత లోతుకు పోయిందనిపిస్తుంది. వాన ముసురులో పచ్చికట్టెలు ఊదుతూ కండ్లు మండించుకొన్న ఇల్లాండ్రే పందిరిలో సగం మంది. పొయ్యి దగ్గర తన ఒళ్ళే తాను కాల్చుకొనే ఆడదాని బొమ్మ వారికెంత దగ్గరిదో పదేండ్ల పిల్లవానికి తెలియదు.

విశ్వవిద్యాలయంలో చేరిన తరువాతా తెలియలేదు. 1999 మే 28న విఠలాచార్య చెన్నైలో మరణించారు. సెలవుల తరువాత మా గోడపత్రికకు నేనొక వ్యాసం వ్రాశాను. ఫిలిం సొసైటీలో స్వీడను, జపాను చిత్రాలు చూచివచ్చిన వేడి మీద వ్రాసినది. దానిలో అట్టకత్తులు, రబ్బరు పాములు, కనబడే దారాలు అన్నిటినీ లెక్కపెట్టి, పామరులను మోసగించిన చిత్రాలని తేల్చాను. మిత్రులు మెచ్చుకొన్నారు. దసరాకు త్రిపురారం వెళ్ళినప్పుడు గర్వంగా దానిని అమ్మమ్మకు చదివి వినిపించాను. ఆమె చదువుకోలేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చివరివరకూ విన్నది.

“దారం నీకొక్కనికే అగుపడ్డదా బిడ్డా? మేమంత గుడ్డోళ్లమా?” అన్నది. “మాకూ అగుపడ్డది. అగుపడ్డా భయమైంది. గది వాని పనితనం.”

నాకు జవాబు తోచలేదు. విశ్వవిద్యాలయంలో ఎవరూ నాకా మాట చెప్పలేదు. దారం దాచడమే కళ అని నేననుకొన్నాను. దారం ఎదుటనే ఉండగా చూడనట్లు ఊరుకొని, మిగిలినది తామే ఊహించుకొనేవారు ఎదుట కూర్చున్నారని విఠలాచార్య ఎరుగుదురు. తోలుబొమ్మల తెర వెనుక కర్రలు కనబడవా? అయినా రావణుడు రావణుడే గదా. నేను పామరులన్నవారు ఆ చిత్రంలో సగం పని చేసినవారు.

అమ్మమ్మ అంతటితో ఊరుకోలేదు. పెండ్లయిన క్రొత్తలో బండి కట్టుకొని మిర్యాలగూడ పోయి ‘కనకదుర్గ పూజా మహిమ’ చూచిన సంగతి ఎత్తుకొన్నది. 1960 నాటి ఆ చిత్రంలో కథానాయకుడు కాంతారావు. కోదాడ దగ్గర గుడిబండ ఆయన ఊరు. ఆ మాట ఆనాడు బండ్లలో వచ్చినవారందరికీ తెలుసునట. మాంత్రికునితో కత్తి దూసేవాడు మన నల్లగొండ జిల్లావాడని వారు ఒకటికి రెండుసార్లు చూచారట. ‘జయవిజయ’, ‘గురువును మించిన శిష్యుడు’, ‘నవగ్రహ పూజా మహిమ’, ‘జ్వాలాద్వీప రహస్యం’ — విఠలాచార్య చిత్రాలలో కాంతారావు తిప్పిన కత్తికి లెక్కలేదు. కత్తి కాంతారావు అనే పేరే స్థిరపడింది. ఖర్చు లెక్కలో ఆరితేరిన దర్శకుని దగ్గర అన్నేండ్లు పనిచేసి, ఆయన మాత్రం ‘సప్తస్వరాలు’ మొదలైన సొంత చిత్రాలు తీసి ఉన్న ఆస్తి పోగొట్టుకొన్నారు.

“ఆ గుడిబండ పిలగాడు ఇప్పుడెట్లున్నడట?” అని అమ్మమ్మ అడిగింది. అప్పటికాయనకు డెబ్బై ఆరేండ్లు రాబోతున్నవి. చిన్న చిన్న వేషాలతో కాలం వెళ్ళదీస్తున్నారు. “బాగానే ఉన్నాడట” అని అబద్ధమాడాను. 2009 మార్చిలో ఆయన మరణవార్త విన్ననాడు నాకు ఆ అబద్ధమే గుర్తుకు వచ్చింది.

వ్యాసం కాగితాన్ని ఆ రాత్రి అక్కడనే వదిలి పడుకొన్నాను. తెల్లవారి చూస్తే దానితో అమ్మమ్మ పొయ్యి ముట్టించింది. “పనికొచ్చే కాయిదమా?” అని అడిగింది. కాదన్నాను.