గోడ మీది పేర్లు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న వేసవి సెలవుల్లో మేము ఇంటిల్లిపాదీ ఫ్రాన్స్ వెళ్ళి, పారిస్‌లో కారు అద్దెకు తీసుకుని పల్లెల మీదుగా తిరిగాం. దారి పొడవునా గోధుమ చేలు. ఎంత చిన్న ఊరైనా మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆ ఊరి బిడ్డల పేర్లతో ఒక రాతి స్తంభం ఉంటుంది.

ముందు వెర్డున్ చూశాం. 1916లో అక్కడ పది నెలల పాటు పోరు సాగింది. దగ్గరలోని దువోమాన్ స్మారక మందిరంలో గుర్తు తెలియని 1,30,000 మంది ఫ్రెంచి, జర్మన్ సైనికుల ఎముకలు కలిసే ఉన్నాయి. బయట శిలువల వరుసల పక్కన కొన్ని సమాధులు వేరే వైపు తిరిగి ఉన్నాయి. ఎందుకని మా చిన్నమ్మాయి అడిగింది. "అవి మనవాళ్ళవి బేటీ, కాబా వైపు పెట్టారు" అన్నారు అమ్మీ. ఫ్రాన్స్ కోసం పోరాడిన ముస్లిం సైనికులకు అక్కడ ప్రత్యేక స్మారకం కట్టింది 2006లో, అంటే తొంభై ఏళ్ళ తరవాత.

అక్కడి నుంచి ఉత్తరాన నెవ్ షపెల్ చేరాం. 1915 మార్చి 10 నుంచి 13 వరకు భారత సిపాయిలు అక్కడ పోరాడారు. 1927లో ప్రారంభించిన భారత స్మారకం గోడ మీద, సమాధి కూడా దక్కని 4,700 మందికి పైగా మన దేశస్థుల పేర్లున్నాయి. ముస్లిం, హిందూ, సిక్కు అని విడదీయకుండా పటాలం వారీగా చెక్కారు. దేవుడు ఒక్కడే, విజయం ఆయనదే అన్న మాట ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ, గురుముఖిలో ఉంది.

పేర్లు చదువుతూ మా అబ్బాయి ఆగిపోయాడు. "అమ్మీ, ఇది దాదాజాన్ పేరు!" ఆ సిపాయి మాకు ఏమీ కాడు. అయినా అమ్మీ పేరు మీద వేళ్ళు ఆనించి చాలాసేపు నిలబడ్డారు. అందరం ఫాతిహా చదివాం. పేరు ఉంది గనకే నూరేళ్ళ తరవాత ఎవరో పరాయివాళ్ళు ఆయన కోసం దువా చేయగలిగారు.

అందుకే ఒక మనవి. మీ విరాళాలతో దిక్కులేనివారికి జనాజా జరిపించినప్పుడు రిజిస్టరులో పేరు రాయిద్దాం. పేరు తెలియకపోతే తేదీ, దొరికిన చోటు, ఖబరస్తాన్‌లో వరుస నంబరు అయినా రాయిద్దాం. రేపు వెతుక్కుంటూ ఒక తల్లో కొడుకో వస్తే చూపించడానికి మన దగ్గర ఒక చోటు ఉండాలి.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.