వెలుగే మేల్కొలిపే కాపలా



కంటి మీదికి వెలుగు ఒక్కసారిగా పడితే రెప్ప వాలడానికి దాదాపు పావు సెకను పడుతుంది. క్యూ-స్విచ్ లేజర్ పల్సు కొన్ని నానోసెకన్లలో, అంటే సెకనులో వంద కోట్లవ వంతులు కొన్నిటిలోనే ముగిసిపోతుంది. పైగా కంటి కటకం ఆ కాంతిని రెటీనా మీద చిన్న చుక్కగా కేంద్రీకరిస్తుంది. అక్కడ తీవ్రత దాదాపు లక్ష రెట్లు పెరుగుతుంది. కాలిన రెటీనా మళ్ళీ మామూలు కాదు.

నల్లద్దాలు పెట్టుకుంటే చూపు మసకబారుతుంది. ఒక రంగును ఆపే అద్దాలు మరో రంగు లేజర్‌ను ఆపలేవు. మామూలు వెలుగును పోనిచ్చి, తీవ్రమైన కాంతికి మాత్రం తనంతట తానే అడ్డుపడే పదార్థం కావాలి. దాన్నే ఆప్టికల్ లిమిటర్ అంటాం.

1985లో కనుగొన్న సి-60 అణువులో 60 కర్బన పరమాణువులు ఫుట్‌బాల్ ఆకారంలో కూడి ఉంటాయి. తీవ్ర కాంతికి ఇలా అడ్డుపడే గుణం దానికి ఉందని 1992లో టట్, కాస్ట్ నేచర్ పత్రికలో చూపించారు. మామూలు స్థితిలో సి-60 ఆకుపచ్చ కాంతిని కొద్దిగానే పీలుస్తుంది. అలా పీల్చిన అణువు సుమారు ఒక నానోసెకనులో ట్రిప్లెట్ అనే ఉత్తేజిత స్థితికి చేరుతుంది. ఆ స్థితిలో మరింత కాంతిని పీలుస్తుంది. కాంతి పెరిగేకొద్దీ అలాంటి అణువుల సంఖ్యా పెరుగుతుంది; పీల్చిన శక్తి చివరికి వేడిగా మారుతుంది. కర్బన నానోట్యూబుల దారి వేరు: అవి వేడెక్కి ద్రవంలో పుట్టించే సూక్ష్మ బుడగలు కాంతిని చెదరగొడతాయి.

ఈ పరిశోధనలో మనవాళ్ళున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన డి. నారాయణరావు, ఎస్. వేణుగోపాలరావు, బోస్టన్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆచార్యులు డి.వి.జి.ఎల్.ఎన్. రావు తదితరులు సి-60ని, థాలోసయనిన్, పార్ఫిరిన్ అనే రంగు అణువులను పోల్చి చూసిన అధ్యయనం 1998లో వెలువడింది. రక్తంలోని హీమ్, మన మామిడాకులోని క్లోరోఫిల్ ఈ పార్ఫిరిన్‌కు దగ్గరి బంధువులే. ఏకాంతరంగా వచ్చే ద్విబంధాల వెంట ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా పరచుకోవడమే వీటన్నిటి బలం.

ఇక మిగిలిన పని ఇది: ద్రావణంలో బాగా పనిచేసిన పదార్థాన్ని పలుచని గట్టి పొరగా మార్చాలి. అది అన్ని రంగుల లేజర్లకూ స్పందించాలి, దెబ్బ తగిలినా నిలవాలి. నానోసెకను కన్నా ఎంతో పొట్టివైన ఫెమ్టోసెకను పల్సులైతే ట్రిప్లెట్ స్థితికి చేరే వ్యవధి కూడా ఇవ్వవు. వాటికి రెండు ఫోటాన్లను ఒకేసారి పీల్చే అణువులు కావాలి. అణువును కట్టే రసాయన శాస్త్రవేత్త, దాన్ని కొలిచే భౌతిక శాస్త్రవేత్త ఒకే బల్ల దగ్గర కూర్చుంటేనే ఇది సాధ్యం. విద్యార్థులారా, ఈ రెండు సబ్జెక్టులనూ విడదీసి చదవకండి. ఉపాధ్యాయులారా, లేజర్ పాయింటర్‌ను ఎవరి కంటి వైపూ తిప్పకూడదని రేపే తరగతిలో చెప్పండి.