ఐ.పి. ఆయనది, బాకీ నాది

ఆరు కిస్తీలు తప్పాయని ఫైనాన్సు వాళ్లు మా టాక్సీ కారును గుంటూరు రోడ్డు మీదే ఆపి పట్టుకుపోయారు. వేలం వేశాక కూడా ఇంకా 1,80,000 బాకీ అన్నారు. ఐ.పి. పెట్టేద్దామన్నాడు మా ఆయన. 1920 నాటి దివాలా చట్టం ఇంకా అమల్లోనే ఉంది; తీర్చలేని అప్పు 500 రూపాయలున్నా పిటిషను వేయవచ్చు. పరువు పోతుందని అత్తగారు ఏడ్చింది. కారు పోయిననాడు అంత ఏడవలేదు!

వకీలుగారు కాగితాలు తిరగేసి, "హామీ సంతకం ఎవరిదమ్మా?" అన్నారు. నాదే. ఆయన వేలు చూపిన చోటల్లా చదవకుండా పెట్టాను. కోర్టు ఆయన్ని అప్పు నుంచి విడుదల చేసినా హామీదారును చట్టం వదలదట. నా కుట్టుమిషను కూడా పోతుందేమోనని వణికాను. పనిముట్లు, వంటపాత్రలు, మంగళసూత్రం జప్తు చేయకూడదని అప్పుడే తెలిసింది.

నేనూ విడిగా ఐ.పి. పెట్టాలేమో. పిటిషను రాయించాను. చదివించుకుని వింటున్నాను; సంతకం ఇంకా పెట్టలేదు.