సిమెంటు వేసే ముందు ఒక లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవ కానుకగా బడి ఆవరణ మొత్తం సీసీ వేయిద్దామని మిత్రులు అంటున్నారు. బురద పోతుంది, నిజమే. మరి వాన నీళ్లు ఎటు పోతాయి? ఇంజనీరుగా నేను అడగవలసిన ప్రశ్న ఇది.

2025 ఆగస్టు 27, 28 తేదీల వాన మనం మరువలేం. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. కామారెడ్డిలో జీఆర్ కాలనీ నీట మునిగింది. ఎల్లారెడ్డి వైపు నిజాం కాలపు పోచారం ఆనకట్ట భారీ వరదను తట్టుకుని నిలిచింది. అంతటి వానను ఏ నేలా తాగలేదు. దానికి చెరువుల అలుగులు, వాగుల దారులు ఖాళీగా ఉంచడమే మార్గం. కానీ మామూలు వానకే మోరీలు పొంగుతున్నాయంటే మనం కప్పేసిన నేలను కూడా చూడాలి.

ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. దానిపై ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు. సీసీ మీద అందులో పదింట తొమ్మిది వంతులు, అంటే 36 వేల లీటర్లు, పారిపోతాయి. గడ్డి ఉన్న చెలక నేల మీద పారేది దాదాపు పావు వంతే, 10 వేల లీటర్లు.

పేవర్ బ్లాకులు వేస్తే చాలనుకోవద్దు. వాటి కింద కాంక్రీటు పోస్తే అదీ సీసీతో సమానమే. సందుల్లో సన్న చిప్స్, కింద దుమ్ము లేని కంకర ఉండాలి. కంకరలో మూడో వంతు ఖాళీయే. 30 సెంటీమీటర్ల మందం వేస్తే, దానిపై పడే 10 సెంటీమీటర్ల వాన అందులో పడుతుంది. నల్లరేగడిలో నీరు మెల్లగా ఇంకుతుంది కాబట్టి అడుగున పైపు పెట్టాలి. సందుల్లో మట్టి పేరుకుంటే ఏటా తీయించాలి.

నా మనవి ఇది. ముందు పదో తరగతి పిల్లల చేత టేపుతో కొలిపిద్దాం. కప్పులు, సీసీ, డాంబరు కలిపి మొత్తం ఆవరణతో భాగించి నూరుతో హెచ్చవేస్తే, మనం కప్పేసిన నేల శాతం వస్తుంది. ఆ అంకె నోటీసు బోర్డు మీద రాద్దాం. తరువాత గేటు నుంచి తరగతి గదుల దాకా నడకదారికి మాత్రం నీరింకే బ్లాకులు వేద్దాం. ఆటస్థలాన్ని, చెట్ల మొదళ్లను మట్టిగానే ఉంచుదాం.

మిగిలే డబ్బుతో బడి బోరు పక్కన ఇంకుడు గుంత తవ్విద్దాం. కానుక అంటే పిల్లలకు ఎండాకాలంలోనూ పనికొచ్చేదే కదా.

సెలవు.