వాదము చెల్లినది, నీరు రాలేదు

(గ్రంథాలయ సభయందు చేసిన ఉపన్యాసము)



తర్కము పండితుల కాలక్షేపమని తలంచువారు మనలో పెక్కురు గలరు. మేమును ఒకప్పుడట్లే తలంచితిమి. మా భ్రమను పోగొట్టినవాడొక రైతు. వృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో అతని పక్షమున వ్యాజ్యము నడిపితిమి. "ఈ చెఱువు తూమునుండి పాఱు నీరంతయు మొదట ఈతని పొలమునకే చెందవలెను" అని వాదించి, పాత దస్తావేజులు చూపి, డిక్రీ పొందితిమి. వాదమున లోపము లేదు. తీర్పునను లోపము లేదు. కాని వ్యాజ్యము సాగిన యేండ్లలో చెఱువు పూడిపోయినది. తూమునుండి చుక్కయైన పాఱలేదు. పైరు ఎండినది. ఆ రైతు డిక్రీ కాగితము చేతబట్టుకొని వచ్చి, "అయ్యా, గెలిచామన్నారు గదా, మరి నీళ్ళేవీ?" అని యడిగెను.

తర్కశాస్త్రమున తరతరములుగ నలిగిన ప్రశ్న యిదియే. "నీరంతయు ఇతనిది" అన్న మాటనుండి "ఇతనికి కొంత నీరు గలదు" అని తేల్చవచ్చునా? అరిస్టాటిలు సంప్రదాయము తేల్చవచ్చుననెను. "అన్నియు" అన్నచో "కొన్ని" అందే యిమిడియున్నవని వారి మతము. 1881లో సంకేత తర్కమును గూర్చి గ్రంథము ప్రకటించిన జాన్ వెన్ దీని నంగీకరింపలేదు. ఆ మాటకు "ఇతనికి చెందని నీరు లేదు" అని మాత్రమే యర్థము. నీరే లేకున్నను అది అబద్ధము కాదు. నేటి తర్కశాస్త్రము సామాన్యముగ ఈ మార్గమునే యవలంబించినది. "కలదు" అనుటను వేఱుగ చెప్పవలెను, వేఱుగ నిరూపింపవలెను.

మన నైయాయికులు మఱింత గట్టివారు. ఆంధ్రుడని ప్రసిద్ధిగాంచిన అన్నంభట్టు తర్కసంగ్రహమున ఆశ్రయాసిద్ధిని హేత్వాభాసములలో చేర్చెను. ఆకాశమున పూచిన తామర, తామరయే గనుక, పరిమళించునని యెవడైన సాధింపబూనెనేని, వాసన చూడ బనిలేదు; ఆ తామరయే లేదు. పక్షము సిద్ధింపనిచో అనుమానము నిలువదు.

మఱి "కుందేటికి కొమ్ము లేదు" అని యెట్లనగలము? ఉదయనాచార్యుడు మార్గము చూపెను: కుందేలు గలదు, కొమ్ము వేఱొకచోట గలదు, కుందేటియందు కొమ్ము లేమియే ఆ వాక్యార్థము. 1905లో బెర్ట్రాండు రస్సెలును వాక్యమును విడదీసియే చిక్కు విప్పెను. రాజులేని ఫ్రాన్సునకు "ఇప్పటి రాజు బట్టతలవాడు" అన్నచో, "రాజొకడు గలడు" అన్న మాట అందు దాగియున్నది. అది కల్ల గావున అంతయు కల్ల. కల్లయును గాదు, నిజమును గాదు, ఆ ప్రశ్నయే పుట్టదని 1950లో స్ట్రాసను బదులు చెప్పెను.

అట్లని వెన్ మార్గమును త్రోసివేయరాదు. "దొంగిలించినవారెల్ల శిక్షార్హులు" అను శాసనము దొంగయే లేని యూరను చెల్లవలెను గదా! కాని "మా బడినుండి పరీక్షకు పోయినవారిలో తప్పినవాడొకడును లేడు" అని యెవరైన చాటినపుడు, పోయినవారెందఱని యడుగుట మన విధి. వాదము చెల్లుట యొకటి, వస్తువు కలుగుట యొకటి. మొదటిది కాగితముపై తేలును. రెండవదానికై చెఱువుగట్టునకు పోవలెను.

ఆనాటినుండి మేము అర్జీ వ్రాయుటకు ముందు చెఱువును చూచి వచ్చుచున్నాము.